హార్డ్ డిస్కుకు పూచీ ఎవరిది?
అద్దె యంత్రం నుంచి వారంటీ కార్డు వరకు

మన సంఘం పాత మినిట్స్ పుస్తకాలనూ, సభ్యత్వ రిజిస్టర్లనూ, వార్షిక సమావేశాల గ్రూపు ఫొటోలనూ స్కాన్ చేయించి భద్రపరచాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి సభ్యులకు తెలిసినదే. అందుకు 2 టెరాబైట్ల హార్డ్ డిస్కు ఒకటి కొనే పని నాకు అప్పగించారు. సర్వీసులో కొన్నేళ్ళు ఇ.డి.పి. సెక్షన్‌లో పనిచేయడమే అందుకు నాకున్న అర్హత. నగరంలో ఒక షాపులో కొన్నాను. సీలు వుంది, కవరు కొత్తది, బిల్లు ఇచ్చారు. ఇంటికి తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాక మా మనుమడు ఏదో చిన్న ప్రోగ్రాం నడిపి చూసి, "తాతయ్యా, ఇది కొత్తది కాదు. ఇప్పటికే 11,000 గంటలు తిరిగేసింది" అన్నాడు. లెక్క వేస్తే రాత్రింబవళ్ళు ఆగకుండా సుమారు ఏడాది మూడు నెలలు. డిస్కు మీది సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో కొట్టి చూస్తే వారంటీ కూడా ముగిసిపోయి వుంది.

షాపతను మొదట "అన్నీ ఇట్లాగే వస్తాయి సార్" అన్నాడు. రెండోసారి యజమాని లేరన్నాడు. మూడోసారి వెళితే మార్చి ఇచ్చాడు. డబ్బు పోలేదు. కానీ ముప్పయ్యేళ్ళ సంఘం కాగితాలు ఆ డిస్కులోకి ఎక్కించి, అసలు పుస్తకాలు చెదలు పట్టాయని పారవేసి వుంటే ఏమయ్యేదో తలచుకుంటే మనసు చివుక్కుమన్నది. మన సర్వీసులో ఏనాడూ డిస్కును మనం పరీక్షించుకోవలసిన అవసరం రాలేదు. మరి ఈ పని కొనుక్కున్నవాడి నెత్తి మీదికి ఎప్పుడు, ఎలా వచ్చింది? ఆ చరిత్రే ఈ వ్యాసం.

మొదటి హార్డ్ డిస్కును ఎవరూ కొనుక్కుని ఇంటికి తీసుకుపోలేదు. 1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ ర్యామాక్ అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రయోగశాలలో రెనాల్డ్ జాన్సన్ అనే ఇంజనీరు నాయకత్వాన తయారైన 350 నంబరు డిస్కు యూనిట్ అందులో భాగం. 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50, ఒకే ఇరుసు మీద నిలువుగా పేర్చి వుండేవి. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. నేడు మనుమరాలు సెల్‌ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకు సరిపోయేంత. యూనిట్ బరువు టన్నుకు పైమాటే. మొత్తం కంప్యూటర్‌కు అద్దె నెలకు 3,200 డాలర్లు.

అద్దె అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ రోజుల్లో ఐ.బి.ఎం. యంత్రాలు ప్రధానంగా అద్దెకే దొరికేవి. అమెరికా ప్రభుత్వంతో కోర్టు ద్వారా అదే 1956 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం అమ్మకానికి కూడా పెట్టవలసి వచ్చినా, చాలామంది ఖాతాదారులు అద్దె పద్ధతిలోనే కొనసాగారు. యంత్రం కంపెనీది. చెడిపోతే కంపెనీ ఇంజనీరు టై కట్టుకుని, పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చేవాడు. సెట్టింగులు చూసేది అతనే, భాగాలు మార్చేది అతనే. ఇంటి అద్దె కట్టేవాడు పైకప్పు కారితే యజమానిని పిలిచినట్లే. అక్కడ వారంటీ అనే కాగితానికి పనే లేదు.

మన దేశంలోనూ ఐ.బి.ఎం. చేసింది ఇదే. వేరే దేశాల్లో వాడిన పాత యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకు తిప్పుతున్నారన్న విమర్శ 1970లలో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం దాకా వెళ్ళింది. నా 11,000 గంటల డిస్కు విషయం తెలిసినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఈ సంగతే. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం కింద వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోక ఐ.బి.ఎం. 1978లో దేశం విడిచిపోయింది. అది వదిలి వెళ్ళిన యంత్రాల ఆలనా పాలనా చూసే బాధ్యత కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌పై, అంటే మనమందరం సి.ఎం.సి. అని పిలిచిన ప్రభుత్వ సంస్థపై పడింది. 1975లో కంపెనీగా నమోదైన ఆ సంస్థ పేరులోనే మెయింటెనెన్స్ వుండటం గమనించాలి. రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటరీకరించి తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్నా, పుట్టింది మాత్రం మరమ్మతుల కోసమే. 2015లో టి.సి.ఎస్.లో విలీనమైంది.

ఆ విధంగా అద్దె పోయి ఏ.ఎం.సి. వచ్చింది. వార్షిక నిర్వహణ ఒప్పందం అంటే ఎవరికీ అర్థం కాదుగానీ ఏ.ఎం.సి. అంటే ఆఫీసులో అటెండరుకు కూడా తెలుసు. ఇంజనీరు రావడం, లాగ్‌బుక్కులో సంతకం పెట్టడం, మూడు నెలలకోసారి బిల్లు పాస్ చేయడం. డిస్కు పూచీ అప్పటికింకా మరొకరిదే.

ఈ లోగా డిస్కులోనే ఒక పెద్ద మార్పు జరిగింది. 1960లలో డిస్కుల దొంతరను ఊడదీసి, కేకు డబ్బా వంటి మూత పెట్టి బీరువాలో దాచుకునే పద్ధతి వుండేది. దుమ్ము పడితే రీడింగ్ హెడ్ పళ్ళెం మీద గీసుకుపోయేది. 1973లో ఐ.బి.ఎం. తెచ్చిన 3340 అనే డిస్కులో పళ్ళేలు, హెడ్లు అన్నీ కలిపి ఒకే మూసిన పెట్టెలో పెట్టారు. 30 మెగాబైట్ల చొప్పున రెండు భాగాలుగా అనుకున్న డిజైను కనుక, 30-30 అనే రైఫిల్ పేరు మీద దానికి విన్‌చెస్టర్ అని ముద్దుపేరు వచ్చింది. నేటికీ మనం కొనే హార్డ్ డిస్కులన్నీ ఆ వంశంలోవే. దుమ్ము బెడద తప్పింది, నిజమే. కానీ మూసిన పెట్టెను ఎవరూ విప్పరాదు. విప్పలేనిదాన్ని బాగుచేయడం లేదు, మార్చడమే. నా అభిప్రాయంలో డిస్కుకు సంబంధించినంతవరకు నేటి వారంటీ పుట్టింది ఇక్కడే.

1980లో అమెరికాలో సీగేట్ సంస్థ ఎస్.టి. 506 అనే డిస్కు తెచ్చింది. 5 మెగాబైట్లు, వెల 1,500 డాలర్లు, వెడల్పు ఫ్లాపీ డ్రైవ్ అంత. 1983లో ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి. 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చింది. అప్పటి నుంచే డిస్కు బజారులో కొనుక్కునే వస్తువైంది. సెట్టింగుల బాధ కూడా అప్పుడే మొదలైంది.

నేటి పిల్లలకు ఇది వింతగా తోస్తుంది గానీ, ఆనాటి కొత్త డిస్కు మీద అంటించిన కాగితంలో "ఈ పళ్ళెంలో ఫలానా ఫలానా చోట్ల లోపం వుంది" అని తయారీదారే జాబితా రాసి పంపేవాడు. దాచడం లేదు. కొనుక్కున్నవాడు ఆ జాబితా చూసి, ఆ చోట్లలో ఏమీ రాయవద్దని కంప్యూటర్‌కు చెప్పుకోవాలి. పెళ్ళిచూపుల్లోనే పిల్లకు ఏ ఏ లోపాలున్నాయో చెప్పేసినట్లు! దాని తర్వాత లో లెవెల్ ఫార్మాట్. ఒక సెక్టారు చదివాక మళ్ళీ ఎన్నో సెక్టారు చదవాలన్న ఇంటర్‌లీవ్ లెక్క ఒకటి. అది తప్పితే డిస్కు పని చేస్తుంది గానీ నత్తనడక నడుస్తుంది. సాయంత్రం కంప్యూటర్ ఆపేముందు పార్క్ అని టైపు చేసి హెడ్లను సురక్షితమైన చోటికి చేర్చి మరీ స్విచ్ తీసేవాళ్ళం. చెప్పులు గది బయట విడిచి, ఎ.సి. చల్లదనంలో మునివేళ్ళ మీద నడిచిన ఆ రోజులు సెక్షన్‌లో పనిచేసిన మిత్రులకు గుర్తుండే వుంటాయి.

1984లో వచ్చిన పి.సి. ఎ.టి.లో డిస్కు రకాన్ని ఒక నంబరుగా సీమాస్ అనే చిన్న జ్ఞాపక చిప్పులో రాసే ఏర్పాటు వచ్చింది. దానికి ఆధారం ఒక బ్యాటరీ. బ్యాటరీ అయిపోతే డిస్కు వున్న సంగతే కంప్యూటర్ మరచిపోయేది. డేటా అంతా భద్రంగానే వుండేది, అది ఎక్కడుందో మాత్రం తెలియదు. వయసు పైబడిన మనలో కొందరికి కళ్ళజోడు విషయంలో జరిగేది ఇదే! అందుకే తెలిసినవాళ్ళు సిలిండర్లు ఎన్ని, హెడ్లు ఎన్ని, సెక్టార్లు ఎన్ని అని మూడు అంకెలు స్టిక్కరు మీద రాసి క్యాబినెట్‌కు అంటించేవారు. ఎంతోమంది డేటాను కాపాడినది ఆ స్టిక్కరే.

1986 నుంచి వచ్చిన ఐ.డి.ఇ. పద్ధతిలో కంట్రోలర్ డిస్కుకే అతికి వచ్చింది. లోపాల జాబితా కూడా డిస్కు లోపలికే వెళ్ళిపోయింది. 1990ల మధ్యకల్లా కంప్యూటరే అడిగి డిస్కు వివరాలు తెలుసుకోవడం మామూలైంది. కొనుక్కున్నవాడికి మిగిలింది మాస్టరా, స్లేవా అని వెనుక పిన్నుల మీద చిన్న జంపర్ పెట్టడం. రెండు డిస్కులకూ మాస్టర్ అని పెడితే రెండూ కనిపించక, డిస్కే పాడైందని షాపుకు తిరిగిచ్చినవారు లేకపోలేదు. 2003 నుంచి వచ్చిన సాటా డిస్కుల్లో ఈ గొడవ కూడా తీరింది.

అయినా ఒక చిక్కు తరం తరానికీ వేషం మార్చి వస్తూనే వుంది. అది కొన్నంత కనపడకపోవడం. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. ఈ నాలుగూ గుణిస్తే 52,84,82,304. అంటే 528 మెగాబైట్లు. 1990ల మొదట్లోని కంప్యూటర్‌కు అంతకు మించిన డిస్కు తగిలిస్తే మిగిలింది కనపడేది కాదు. ఆ గోడ దాటాక 137 గిగాబైట్ల దగ్గర మరో గోడ, అది 2002 ప్రాంతంలో తొలగింది. 3 టెరాబైట్ల డిస్కులు 2010లో వచ్చాక 2 టెరాబైట్ల దగ్గర ఇంకొక గోడ. ఈనాటికీ 4 టెరాబైట్ల డిస్కు కొని, పాత ఎం.బి.ఆర్. పద్ధతిలో విభాగాలు చేస్తే 2 మాత్రమే వాడుకోగలం. జి.పి.టి. అనే పద్ధతిని ఎంచుకోవాలి. డిస్కు మొదటిసారి తగిలించినప్పుడు విండోస్ అడిగే ప్రశ్న ఇదే. మనం చదవకుండా సరే అని నొక్కేది కూడా ఇదే ప్రశ్నకు.

ఇది కాక కొలత తేడా ఒకటి. తయారీదారు వెయ్యికి వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. 1 టెరాబైట్ డిస్కు 931 గిగాబైట్లుగానే కనిపించేది అందుకే. పడి తేడా వంటిదే గానీ తూకంలో మోసం కాదు. అమెరికాలో దీని మీద కోర్టుకు వెళ్ళారు. వెస్ట్రన్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ పడ్డాయి. కొన్నవారికి ఉచితంగా బ్యాకప్ సాఫ్ట్‌వేరు ఇస్తామన్నాయి. సీగేట్ కేసులో దానికి బదులు వెలలో 5 శాతం వెనక్కు తీసుకునే వీలు కూడా వుంది.

ఇక వారంటీ సంగతి. మనం వారంటీని వస్తువు మన్నికకు కొలతగా చూస్తాం. చరిత్ర చూస్తే అది కంపెనీ జేబు పరిస్థితికి కొలతగా కనిపిస్తుంది. 2002 అక్టోబరు నుంచి మాక్స్‌టర్, సీగేట్, వెస్ట్రన్ డిజిటల్ మూడూ మామూలు డెస్క్‌టాప్ డిస్కుల వారంటీని 3 సంవత్సరాల నుంచి 1 సంవత్సరానికి దించాయి. డిస్కుల నాణ్యత ఒక్క నెలలో మూడోవంతు కాలేదు గదా! 2004లో సీగేట్ పోటీ కోసం ఏకంగా 5 సంవత్సరాలు చేసింది. 2009లో మళ్ళీ చాలా రకాలకు 3 చేసింది. 2011 అక్టోబరులో థాయిలాండ్‌లో వరదలు వచ్చి డిస్కుల ఫ్యాక్టరీలు నీట మునిగాయి, ప్రపంచమంతటా ధరలు పెరిగాయి. ఆ డిసెంబరులో ఆ రెండు పెద్ద కంపెనీలూ చాలా రకాలకు వారంటీ తగ్గించాయి. కొన్నింటికి 2 సంవత్సరాలు, కొన్నింటికి 1. ధర పెరిగినప్పుడే హామీ తగ్గింది.

డిస్కు వివరాల పత్రంలో సగటున 10 లక్షల గంటలకు ఒకసారి చెడిపోతుందని రాసి వుంటుంది. 10 లక్షల గంటలంటే 114 సంవత్సరాలు. అదే డిస్కుకు వారంటీ 3 సంవత్సరాలు! 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు లక్ష వరకు డిస్కుల రికార్డులు పరిశీలించారు. పత్రం లెక్క ప్రకారం ఏటా నూటికి ఒకటి కూడా మార్చకూడదు. వాస్తవంలో 2 నుంచి 4 మార్చడం మామూలుగా వుందనీ, కొన్నిచోట్ల 13 దాకా పోయిందనీ తేల్చారు.

మా మనుమడు చదివిన గంటల లెక్క స్మార్ట్ అనే ఏర్పాటులోది. 1992లో ఐ.బి.ఎం. తన యంత్రాల్లో డిస్కు చెడిపోబోయేముందు హెచ్చరించే పద్ధతి పెట్టింది. 1995లో కాంపాక్ సంస్థ డిస్కుల తయారీదారులతో కలిసి మరొకటి తెచ్చింది. ఆ ప్రయత్నాల నుంచి అందరికీ ఉమ్మడి ప్రమాణంగా స్మార్ట్ వచ్చింది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు ఆన్ చేశారు, ఎన్ని సెక్టార్లు చెడిపోతే వాటికి బదులు వేరేవి కేటాయించారు అని డిస్కే తన సర్వీసు రిజిస్టరు తాను రాసుకుంటుంది. ఒకనాడు లేబుల్ మీద అచ్చు వేసిన లోపాల జాబితా, లాగ్‌బుక్కులోని ఇంజనీరు సంతకం రెండూ కలిసి ఇందులోకి చేరాయన్నమాట. అయితే దీన్ని వేదవాక్కుగా తీసుకోరాదు. గూగుల్ సంస్థ 2007లో తన లక్షకు పైగా డిస్కులను పరిశీలిస్తే, చెడిపోయిన వాటిలో 36 శాతానికి పైగా ఉష్ణోగ్రత తప్ప మరే స్మార్ట్ లెక్కలోనూ ముందుగా ఏ సూచనా ఇవ్వలేదు.

ఆ రిజిస్టరును దిద్దేవారు కూడా వున్నారు. 2025 జనవరిలో జర్మనీలోని హైసే అనే సాంకేతిక వార్తాసంస్థ బయటపెట్టిన వ్యవహారం ఇది. కొత్తవని అమ్మిన పెద్ద సీగేట్ డిస్కుల్లో స్మార్ట్ గంటలు సున్నా వున్నాయి. కానీ ఆ కంపెనీ డిస్కుల్లో ఫార్మ్ అనే మరో చిట్టా విడిగా వుంటుంది. అందులో చూస్తే వేల గంటలు, కొన్నిటికి 50,000 దాకా. డిస్కుల్లో ఖాళీ జాగా ఆధారంగా నడిచే చియా అనే డిజిటల్ నాణెం కోసం వాడి, లాభం లేక వదిలించుకున్నవని అనుమానం. తాము ఆ డిస్కులను అమ్మకందారులకు ఇవ్వలేదని సీగేట్ ప్రకటించింది. స్కూటర్ మీటరు వెనక్కు తిప్పి అమ్మడం మనం ఎరిగినదే. ఆ విద్య డిస్కుకూ వచ్చింది. నాకు అమ్మినవాడు ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు!

వారంటీ ఉన్నంతమాత్రాన ఏం దక్కుతుందో మన సంఘ సభ్యులొకరి అనుభవం చెబుతుంది. వారి శ్రీమతి గారు కాలం చేశాక, ఆమె ఫొటోలు, షష్టిపూర్తి వీడియో అన్నీ ఒకే డిస్కులో పెట్టుకున్నారు. ఏడాదిన్నరకు అది చెడిపోయింది. వారంటీలోనే వుంది. పంపితే ఏ పేచీ లేకుండా మరో డిస్కు వచ్చింది. ఖాళీది. పాతది వారి దగ్గరే వుండిపోయింది. వారంటీ పత్రంలో చిన్న అక్షరాల్లో ముందే రాసి వుంటుంది, డేటాకు బాధ్యత వహించమని. మార్చి ఇచ్చేది కొత్తదే కావాలని కూడా లేదు, బాగుచేసినది ఇవ్వవచ్చు. "పాతదే తిరిగిచ్చి, కొత్తది మీరే వుంచుకోమన్నానండీ" అని ఆయన నాతో అన్నారు. ఇంకొక సంగతి. చెడిపోయిన డిస్కును చెరపడం మన వల్ల కాదు. అందులో పి.పి.ఓ. కాపీ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు స్కాన్లు వుంటే అవన్నీ దానితోపాటే ప్రయాణం కడతాయి.

రెండో డిస్కు వచ్చిన రోజున షాపులోనే నిలబడి సీరియల్ నంబరు చూశాం. డిస్కు మీదా, కవరు మీదా, బిల్లు మీదా ఒకటే. వెబ్‌సైటులో వారంటీ భారతదేశంలో చెల్లుతుందనీ, ఇంకా 2 సంవత్సరాలు వుందనీ చూపింది. కొన్నిటికి మరో దేశానికే చెల్లుతుందనో, కంప్యూటర్ కంపెనీకి టోకున ఇచ్చినది గనుక వారినే అడగమనో వస్తుందట. ఇంట్లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో తిరిగిన గంటలు 0, బదులు వేసిన సెక్టార్లు 0. సామర్థ్యం 1.81 టెరాబైట్లు, 1024 లెక్కన సరిగ్గా వుండవలసినంతే. తర్వాత డిస్కు మొత్తం చదివే పెద్ద పరీక్ష పెట్టాం. ఉదయం టిఫిన్ దగ్గర మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు అయింది. ఆ తర్వాతనే మొదటి మినిట్స్ పుస్తకం ఎక్కించాం.

బిల్లు విషయంలో చిన్న మనవి. ఇప్పుడు షాపుల్లో ఇచ్చే పలచని నున్నటి కాగితం మీద అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. వారంటీకైనా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళాలన్నా అదే ఆధారం. మన బిల్లుకు వెంటనే జిరాక్సు తీయించి సీరియల్ నంబరు ఎర్ర ఇంకుతో రాసి కోశాధికారి గారి ఫైలులో పెట్టాం. స్కాన్ చేసినవాటి రెండో కాపీ మరో డిస్కులో అధ్యక్షుల వారింట వుంది. చెదలు తిన్న పుస్తకాలను మందు కొట్టించి, గుడ్డలో చుట్టి సంఘం బీరువా పై అరలోనే వుంచాం. చూడదలచిన సభ్యులు ఆదివారం ఉదయం 10 నుంచి 12 లోపు రావచ్చు.